విద్యుత్తు లెక్క

నెల తిరిగి విద్యుత్తు బిల్లు చేతికి వచ్చినంతనే అనేక గృహములలో విచారణ మొదలగును. వసారాలో దీపమార్పక నిద్రించిన పిల్లవానిపైననే నేరము పడును. ఆ దీపము నిజముగా దోషియేనా?

తీర్పు చెప్పుటకు ముందు యూనిట్ అన నేమో తెలియవలెను. 1000 వాట్ల ఉపకరణము ఒక గంట పనిచేసినచో ఒక యూనిట్ ఖర్చగును. వాట్లను గంటలతో గుణించి 1000 చే భాగించిన లెక్క తేలును. వెనుకటి 60 వాట్ల తీగబల్బు పది గంటలు వెలిగినచో యూనిట్‌లో సగమునకు మించి కాలెడిది. దాదాపు అంత వెలుగే ఇచ్చు నేటి ఎల్.ఇ.డి. బల్బునకు 9 వాట్లు చాలును. పది గంటలకు యూనిట్‌లో పదవవంతైనను కాదు. తాతగారి మందలింపు ఆనాటికి న్యాయమే. నేడు దోషి వేఱొకడు.

తల యెత్తి చూచిన వాడు కనబడును. తెలుగునాట వేసవిలో పంకాకు విశ్రాంతి యెక్కడిది? సాధారణమైన పంకా సుమారు 75 వాట్లది. దినమునకు 16 గంటలు తిరిగిన 1.2 యూనిట్లు, నెలకు 36. స్నానమునకు నీరు కాచు 2000 వాట్ల గీజరు దినమున కరగంట పనిచేసినను నెలకు 30 యూనిట్లే. గీజరును చూచి జంకువారు పంకాను చూచి జంకరు! బి.ఎల్.డి.సి. అను కొత్తరకపు మోటారు గల పంకా ఇంచుమించు 30 వాట్లతోనే అంత గాలినిచ్చును. అట్టిదానికి నెలకు 14.4 యూనిట్లు చాలును. వెల కొంత హెచ్చు గనుక, బాగుగ తిరుగు పంకాల నన్నిటిని ఒక్కసారిగ తీసివేయ బనిలేదు; రేయింబవళ్లు తిరుగు గదిలోని దానిని ముందు మార్చుట మేలు. పెట్టె వంటి పాత రెగ్యులేటరు ఉన్నచో దానిని గూడ మార్చవలెను. వేగము తగ్గించినపుడు కొంత విద్యుత్తు దానిలో వ్యర్థముగ వేడియై పోవును.

ఫ్రిజ్ సంగతి వేఱు. అది లోపలి వేడిని వెలుపలికి తోడిపోయు యంత్రము. గోడకు ఆనించి పెట్టినచో ఆ వేడికి దారి యుండదు. యంత్రము ఎక్కువసేపు నడచును. పొగలు గ్రక్కు పాలగిన్నెను లోన నుంచినను అంతే. తలుపునడుమ కాగితము నుంచి మూసి లాగిన, అది సులువుగ జాఱి వచ్చెనేని రబ్బరుపట్టీ వదులైనదని గ్రహింపవచ్చును. ఎ.సి. గల యిండ్లలో ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచిన సుమారు 6 శాతము విద్యుత్తు మిగులునని నిపుణుల అంచనా.

రెండు తెలుగు రాష్ట్రములందును గృహములకు యూనిట్ ధర ఒక్కటి కాదు. వాడకము పెరిగినకొలది పై శ్రేణి యూనిట్ల వెల హెచ్చును. కావున ఒక్క పంకా మార్చుటచే నెలకు తగ్గెడి 21.6 యూనిట్లు బిల్లులో అడుగున నున్న చౌక యూనిట్లు కావు, పైన నున్న ఖరీదైనవి.