విమానం కూలిందా? బ్యాటరీని తిట్టకండి!

కోతలైన వరి మడిలో కుర్రాళ్లు రేడియో విమానం ఎగరేస్తున్నారంటే సగం ఊరు గట్టు మీదే ఉంటుంది. థర్మోకోలు రెక్కలు, చిన్న మోటారు, ఒక బ్యాటరీ. రెండు చుట్లు బాగానే తిరుగుతుంది. మూడో చుట్టులో, సరిగ్గా మలుపు దగ్గర, ఒక రెక్క వాల్చి గిర్రున తిరిగి మట్టిలో దిగబడుతుంది. "బ్యాటరీ అయిపోయింది" అంటాడొకడు. "రేడియో అందలేదు" అంటాడింకొకడు. నెలల తరబడి కూడబెట్టిన డబ్బు తుక్కయినా, మళ్లీ అప్పోసప్పో చేసి కొత్త బ్యాటరీ తెస్తారు. అదీ ఆ మలుపులోనే పడుతుంది.

దీన్ని 'స్టాల్' అంటారు. టీ స్టాలుకూ దీనికీ సంబంధం లేదు. మోటారు ఆగిపోవడమూ కాదు. మోటారు తిరుగుతుండగానే రెక్క పని మానేయడం! ఎదురొచ్చే గాలికి రెక్క కాస్త ఏటవాలుగా ఉంటేనే విమానం లేస్తుంది. ఆ వాలు సుమారు 15 డిగ్రీలు దాటితే, రెక్క పైభాగాన్ని ఒరుసుకుపోయే గాలి విడిపోతుంది. మోసే బలం పడిపోతుంది. సూత్రం తప్పుగా కట్టిన గాలిపటం ఎంత గాలి ఉన్నా ఎగరదని పిల్లలకు తెలిసిందే. జర్మనీలో ఒట్టో లిలియెంతాల్ 1896 ఆగస్టు 9న ఇలా స్టాలయిన గ్లైడరుతో సుమారు 15 మీటర్ల ఎత్తు నుంచి పడి, మర్నాడు కన్నుమూశాడు. ఆ గ్లైడరుకు మోటారే లేదు.

బ్యాటరీ మీద అనుమానం పూర్తిగా తప్పూ కాదు. అది నీరసించేకొద్దీ వేగం తగ్గుతుంది. ఎత్తు తగ్గకూడదని కుర్రాడు మీట లాగుతాడు. ముక్కు లేస్తుంది. మలుపులో మరీ ప్రమాదం. 60 డిగ్రీలు వాల్చి, ఎత్తు తగ్గకుండా తిప్పితే రెక్క మోయాల్సిన బరువు రెట్టింపవుతుంది. స్టాల్ కాకుండా ఉండాలంటే వేగం నూటికి 41 వంతులు ఎక్కువ కావాలి.

రోగం తేల్చాలంటే జనానికి దూరంగా, మూడు తాడిచెట్ల ఎత్తుకు తీసుకెళ్లాలి. గాలికి ఎదురుగా తిన్నగా పోనిస్తూ మోటారు తగ్గించి, మీటను మెల్లమెల్లగా లాగాలి. ముక్కు తిన్నగా వంగి, మీట వదలగానే తేరుకుంటే విమానం మంచిదే, మారాల్సింది చేతివాటం. ప్రతిసారీ ఒకే రెక్క వాలితే అది మెలి తిరిగి ఉండవచ్చు, లేదా ఆ పక్క బరువెక్కువ. మీట లాగకుండానే ముక్కు లేస్తుంటే తోక బరువు. వేగంగా తిన్నగా పోతున్నప్పుడు కూడా మీటకు పలకకపోతే, అప్పుడు చూడాలి రేడియోనూ బ్యాటరీనీ.

తోక బరువు చూడటానికి పైసా ఖర్చు లేదు. తిన్నని రెక్కయితే ముందంచు నుంచి వెడల్పులో నాలుగో వంతుకూ మూడో వంతుకూ మధ్య, రెండు పక్కలా వేళ్లు పెట్టి లేపాలి. ముక్కు కాస్త కిందికి వాలి నిలవాలి. తోక కుంగితే బ్యాటరీని ముందుకు జరపాలి. విమానంలో బరువైన సామాను అదే కనుక, రెండు వేళ్ల వెడల్పు జరిపినా తేడా తెలుస్తుంది.

అసలు చిక్కు చేతితోనే. పడుతుంటే చెయ్యి దానంతటదే మీటను ఇంకా లాగుతుంది. లాగినకొద్దీ రెక్క తేరుకోదు. మీట వదిలి, ముక్కు దించి, వేగం పుంజుకున్నాక మెల్లగా లేపాలి. అందుకు కింద చోటుండాలి. నేలకు రెండు బారల ఎత్తున స్టాలయితే ఎంత చేయి తిరిగినవాడైనా మట్టిలోంచి ముక్కలేరుకోవాల్సిందే.