ఈ టమాటా ఎవురు పండిచ్చినారు?

"ఈ టమాటా ఎవురు పండిచ్చినార్రా?"

పోయిన వేసవిలో న్యూజెర్సీలోని మా ఇంటికి వచ్చిన నాయన, మొదటిరోజు భోజనం దగ్గర అడిగిన ప్రశ్న ఇది. పప్పు బాగుందనో, ఉప్పు తగ్గిందనో అంటాడని చూస్తున్న మేమంతా మొహాలు చూసుకున్నాం. తొమ్మిదేళ్ళ మా అమ్మాయి మాత్రం ఠక్కున, "స్టోర్ వాళ్ళు తాతా!" అంది.

అందరం నవ్వాం, నాయన తప్ప. మదనపల్లె వైపు ఓ పల్లెలో ముప్పై అయిదేళ్ళు టమాటా పండించిన మనిషి ఆయన.

ఇరవై ఏళ్ళుగా సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాణ్ణి కదా, ఏ ప్రశ్నకైనా జవాబు స్ప్రెడ్‌షీట్‌లో దొరుకుతుందని నాకో నమ్మకం. ఆ శనివారం ఫ్రిజ్ తెరిచి లెక్క మొదలుపెట్టాను. అమెరికా సూపర్ మార్కెట్లలో అమ్మే పళ్ళు, కూరగాయలు ఏ దేశంలో పండాయో చెప్పాలన్న నిబంధన 2009 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. కాబట్టి పని సులువే. టమాటాలు మెక్సికో, బెండకాయలు హోండురాస్, వెల్లుల్లి కాలిఫోర్నియా. పక్కన మైళ్ళు వేశాను. రంగురంగుల చార్టు గీసి, "ఇకనుంచి మనం లోకల్ ఫుడ్డే తినాలి" అని ప్రకటించాను.

మా ఆవిడ చార్టు చూసి ఒకే మాట అంది. "కొత్తిమీర కట్ట కోసం ముప్పై మైళ్ళు కారు నడిపితే ఆ మైళ్ళు ఏ కాలమ్‌లో వేస్తారు?"

ఆవిడదే గెలుపని తర్వాత తెలిసింది. కార్నెగీ మెలన్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో ఈ లెక్క కట్టారు. అమెరికా ఇళ్ళలో తినే తిండి వల్ల వాతావరణంలోకి చేరే కాలుష్య వాయువుల్లో మొత్తం రవాణా వాటా 11 శాతం. పండించిన చోటి నుంచి దుకాణానికి చేర్చడం వరకే చూస్తే అది 4 శాతం. 83 శాతం పండించి, తయారుచేసే దశలోనే వస్తుంది. అంటే దగ్గర్లో పండినంత మాత్రాన భూగోళాన్ని ఉద్ధరించినట్టు కాదు. నా చార్టు తప్పు ప్రశ్నకు జవాబు చెబుతోంది. నాయన ఎంత దూరం నుంచి వచ్చిందని అడగలేదు, ఎవరు పండించారని అడిగాడు.

అమెరికాలో రైతు బజారు

మా ఊళ్ళో వేసవి శనివారాల్లో రైలు స్టేషన్ పార్కింగ్ స్థలంలో ఫార్మర్స్ మార్కెట్ పెడతారు. పదేళ్ళుగా దాని పక్కనుంచే వెళ్తున్నా ఎప్పుడూ ఆగలేదు. ఈసారి నాయనను, అమ్మాయిని తీసుకెళ్ళాను. గుడారాల కింద బల్లలు, వాటి మీద కూరగాయలు, వెనక నిలబడ్డ రైతులు. నాయన మొహం వెలిగింది. "రైతు బజారు గదరా ఇది!"

1999 జనవరి 26న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో రైతు బజార్లు మొదలైనప్పుడు, దళారీ లేకుండా రైతే నేరుగా అమ్ముకోవచ్చన్నది కొత్త మాట. నాయన కూడా గుర్తింపు కార్డు తీసుకుని కొన్నాళ్ళు అమ్మాడు.

ఒక బల్ల దగ్గర ఎర్రగా పండిన టమాటాలు. పౌండు నాలుగు డాలర్లని పలక మీద సుద్దతో రాసి ఉంది. సూపర్ మార్కెట్‌లో రెండే! నాలోని మన దేశపు కస్టమర్ నిద్ర లేచాడు. "రెండు పౌండ్లు తీసుకుంటే అయిదుకి ఇస్తారా?" అని బల్ల వెనకున్న ఆవిడను ఇంగ్లీషులో అడిగాను. ఆవిడ జవాబు చెప్పేలోపే నాయన నా చెయ్యి పట్టి పక్కకు లాగాడు. ఇంగ్లీషు రాకపోయినా బేరం ఆయనకు ఏ భాషలోనైనా అర్థమవుతుంది.

"నువ్వు హాస్టల్లో ఉన్నెప్పుడు, రెండో ఏడు," అన్నాడు మెల్లగా. "ముప్పై పెట్టెలు మండీకి ఎత్తకపోతే, వచ్చే దుడ్డు బండి బాడుగకు గూడా చాల్లేదు. ఎనక్కి తెచ్చుకోవాలంటే మళ్ళీ బాడుగ. రోడ్డు పక్కన పారబోసి ఇంటికొచ్చినా. నీ ఫీజుకు మీ అమ్మ కమ్మలు కుదవ పెట్టినాము."

అమ్మ చెవులకు కమ్మలు లేకపోవడం నాకు గుర్తుంది. బరువుగా ఉన్నాయని తీసేశానంది. పాతికేళ్ళు అదే నమ్మాను.

"మన సరుక్కు ఎప్పుడూ కొనేటోడే ధర చెప్పినాడు. ఈడ పండిచ్చినోళ్ళే రాసి పెట్టుకున్నారు. చదువుకో. చేతనైతే కొను, లేకుంటే ముందుకు పో. అట్లా అడగొద్దు."

ఎనిమిది డాలర్లు ఇచ్చాను.

ఈలోగా మా అమ్మాయి ఆవిడతో మాట కలిపింది. "ఇవి మీరే పండించారా?" ఆవిడ నవ్వి, మట్టి పట్టిన గోళ్ళు చూపించింది. బల్ల కింద ఇంకో పెట్టె ఉంది. అడుగు నల్లబడినవి, పగుళ్ళిచ్చినవి సగం ధరకే. నాయన ఒకటి తీసి తిప్పి చూశాడు. "నీళ్ళు ఒకరోజు ఎక్కువ, ఒకరోజు తక్కువ అయితే ఇట్లే అవుతుందని చెప్పమ్మా," అన్నాడు మనవరాలితో. అమ్మాయి అనువాదం చేసింది. తడి నిలకడగా లేక కాయకు కాల్షియం సరిగా అందకపోతే అడుగు కుళ్ళుతుంది. మదనపల్లెలో అయినా న్యూజెర్సీలో అయినా అంతే. పది నిమిషాలు ఇద్దరు రైతులూ మాట్లాడుకున్నారు, మధ్యలో తొమ్మిదేళ్ళ దుబాసీ! బేరం ఆడకుండానే ఆ పెట్టె మాకు చవగ్గా దొరికింది. నల్లటి భాగం కోసేస్తే పచ్చడికి అంతకంటే ఏం కావాలి?

పప్పు ఎనిపిన రోజు

ఆ మధ్యాహ్నం నాయన దగ్గరుండి నా చేత టమాటా పప్పు చేయించాడు. కందిపప్పు, టమాటాలు, పచ్చిమిరపకాయలు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు కలిపి ఉడికించి, పప్పుగుత్తితో ఎనిపి, తాలింపు పెట్టడమే. "ఇవి తియ్యగా ఉండాయి, చింతపండు ఇంకొంచెం వెయ్యి," అన్నాడు రుచి చూసి. అంతకుముందు టమాటా పులుపా తీపా అని నేనెప్పుడూ చూడలేదు. డబ్బాలోంచి తీసి వేయడమే అలవాటు.

ఇప్పుడు శనివారం వంట నాది. కూరగాయల ఖర్చు పెరిగిన మాట నిజం. కానీ శుక్రవారం తెప్పించుకునే బయటి తిండి తగ్గింది. పేరూ మొహమూ తెలిసిన మనిషి దగ్గర కొన్న కాయను కుళ్ళబెట్టి పారేయడానికి చెయ్యి రావడం లేదు. కందిపప్పు, చింతపండు, రాగిపిండి మాత్రం యథాప్రకారం ఇండియన్ స్టోర్ నుంచే. అవి మానుకుంటే నేను నేనుగా మిగలను!

మరి చలికాలం? మార్కెట్ మూతపడ్డాక మళ్ళీ దూరపు టమాటాలే. దానికి సిగ్గుపడక్కర్లేదు. ఆ టమాటా వెనకా ఎక్కడో ఒక నాయన ఉంటాడు. ఫ్లోరిడా టమాటా తోటల కూలీలు 1993లో ఇమ్మోకలీ అనే ఊళ్ళో సంఘం పెట్టుకుని ఏళ్ళ తరబడి పోరాడారు. 2011 నుంచి అక్కడి తోటల్లో పెద్ద ఎత్తున అమలవుతున్న ఫెయిర్ ఫుడ్ ప్రోగ్రామ్ ఆ పోరాట ఫలితమే. అందులో చేరిన పెద్ద కంపెనీలు పౌండుకు ఓ సెంటు చొప్పున కూలీల కోసం అదనంగా చెల్లిస్తాయి. సెంటే కదా అనుకోకండి. రోజంతా ఏరేవాళ్ళకు అది పెద్ద తేడా.

నాయన అక్టోబరులో ఊరెళ్ళిపోయాడు. ఇప్పుడు ఆదివారం ఫోనులో మనవరాల్ని అడిగే మొదటి ప్రశ్న అదే. మొన్న జనవరిలో అమ్మాయి కాస్త చిన్నబోయి, "ఈ వారం ఫ్లోరిడా తాతా. ఎవరో కనుక్కోలేకపోయా," అంది.

"అడిగినావు గదా తల్లీ, అది చాలు," అన్నాడు నాయన.

మీ ఊళ్ళోనూ ఇలాంటి మార్కెట్ ఉంటే ఓ శనివారం పిల్లల్ని తీసుకుని వెళ్ళండి. ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చి ఉంటే వాళ్ళనీ తీసుకెళ్ళండి. బేరం మాత్రం ఆడకండి!

పిల్లలూ, మీరూ డిటెక్టివ్‌లు కండి!

1. పండు మీది స్టిక్కర్ చూడండి. మామూలు అరటిపండు అంకె 4011. అదే 94011 అని ముందు 9 ఉంటే ఆర్గానిక్ అని అర్థం.

2. గుడ్ల అట్టపెట్టె మీద 001 నుంచి 365 లోపు మూడంకెల సంఖ్య కోసం వెతకండి. అది ప్యాక్ చేసిన రోజు. 032 అంటే ఫిబ్రవరి 1. మరి 200 అంటే ఏ తేదీ?

3. మార్కెట్‌లో రైతును ఒక ప్రశ్న అడగండి. "ఈ ఏడాది మీకు ఏది బాగా పండింది, ఏది పండలేదు?" జవాబు ఇంటికొచ్చి అమ్మమ్మకో, తాతకో ఫోనులో చెప్పండి.