కెమెరా, ల్యాప్‌టాప్ మోసే బ్యాగు: ఎంపికలో దాగిన భౌతికశాస్త్రం

సూరత్ నగరంలో రింగ్ రోడ్డు వెంబడి టోకు బట్టల మార్కెట్లు వరుసగా ఉంటాయి. అక్కడ రెండు రకాల మోతలు కనిపిస్తాయి. ఒకటి, చీరల మూటలను తలమీద, వీపుమీద మోసే కూలీల మోత. రెండోది, ఆ చీరలకు కేటలాగు ఫొటోలు తీసే యువకుల మోత. కొత్త రకం చీర దుకాణానికి చేరగానే దాని ఫొటో దూర ప్రాంతాల వ్యాపారులకు వెళ్లాలి. అందుకని కెమెరా, కటకాలు, ఫ్లాష్, ఫొటోలను అక్కడికక్కడే సరిచేసి పంపడానికి ల్యాప్‌టాప్ అన్నీ ఒకే బ్యాగులో పెట్టుకుని తిరుగుతారు.

తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వలస వచ్చి, లింబాయత్ వంటి పేటల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు సూరత్‌లో ఎన్నో ఉన్నాయి. నగరపాలక సంస్థ అక్కడ తెలుగు మాధ్యమంలో కూడా పాఠశాలలు నడుపుతోంది. ఇలాంటి కుటుంబాల పిల్లలకైనా, హైదరాబాదులోనో విశాఖపట్నంలోనో చదువుకునే విద్యార్థులకైనా కెమెరా కొనడమంటే మాటలు కాదు. ఎంతో పొదుపు చేస్తేగాని అది చేతికి రాదు. అంత కష్టపడి కొన్నాక, బ్యాగు దగ్గరికి వచ్చేసరికి మాత్రం రంగు బాగుందనో, జేబులు ఎక్కువున్నాయనో కొనేస్తాం. నిజానికి ఆ బ్యాగు రెండింటిని కాపాడాలి: లోపలి పరికరాలను, బయటి వీపును. మొదటివాటిని మళ్లీ కొనుక్కోవచ్చు. రెండోది దొరకదు.

ముందుగా తూకం

బ్యాగు కొనబోయే ముందు చేయవలసిన మొదటి పని మన సామాను తూచడం. ఒక ఉదాహరణ చూద్దాం. కెమెరా 700 గ్రాములు, చిన్న కటకం 500 గ్రాములు, దూరపు దృశ్యాలను తీసే పెద్ద కటకం 1,500 గ్రాములు, ల్యాప్‌టాప్ 1,600 గ్రాములు, దాని ఛార్జరు 400 గ్రాములు, ఫ్లాష్ 400 గ్రాములు, బ్యాటరీలు, హార్డ్ డిస్కు వగైరా 400 గ్రాములు, లీటరు నీళ్లు 1,000 గ్రాములు. మొత్తం 6.5 కిలోలు. మందపాటి మెత్తలున్న కెమెరా బ్యాగు ఖాళీగా ఉన్నప్పుడే 1.8 కిలోల దాకా తూగుతుంది. అంటే వీపుకెక్కేది 8.3 కిలోలు.

ఇది ఎక్కువా, తక్కువా? 2020లో కేంద్ర విద్యాశాఖ ప్రకటించిన స్కూలు బ్యాగుల విధానం ప్రకారం పిల్లల బ్యాగు బరువు వారి శరీర బరువులో పదో వంతుకు మించకూడదు. 55 కిలోల విద్యార్థికి ఈ లెక్కన వచ్చేది 5.5 కిలోలు. మన ఉదాహరణలోని బ్యాగు అతని బరువులో 15 శాతం! కాలేజీ విద్యార్థికి ఆ నియమం వర్తించదు, నిజమే. కాని వెన్నెముకకు ఏ తరగతి చదువుతున్నామో తెలియదు కదా! అందువల్ల ఆ రోజు పనికి పెద్ద కటకం నిజంగా అవసరమా అని ముందు ఆలోచించాలి. చీరల ఫొటోలకు వెళ్లేటప్పుడు దాన్ని ఇంట్లో వదిలితే ఒక్కసారిగా కిలోన్నర తగ్గుతుంది. ఏ ఖరీదైన బ్యాగూ ఇంత మేలు చేయలేదు.

గరిమనాభి ఎక్కడ?

బరువు ఎంత అన్నది ఒక ప్రశ్న అయితే, అది ఎక్కడ ఉంది అన్నది ఇంకో ప్రశ్న. మూటను తలమీద పెట్టుకున్న కూలీ నిటారుగా నడుస్తాడు. మూట గరిమనాభి సరిగ్గా వెన్నెముకకు పైన ఉంటుంది కాబట్టి అది అతణ్ణి ముందుకూ లాగదు, వెనక్కూ లాగదు. మెడ మీద మాత్రం భారం పూర్తిగా పడుతుంది. వీపు మీది బ్యాగు సంగతి వేరు. దాని గరిమనాభి శరీరానికి వెనక ఉంటుంది. అందువల్ల అది మనల్ని వెనక్కు తిప్పే ప్రయత్నం చేస్తుంది. ఈ తిప్పే ప్రభావాన్నే బలభ్రామకం అంటారు. బలాన్ని, దూరాన్ని గుణిస్తే అది వస్తుంది.

మన 8.3 కిలోల బ్యాగు భారం సుమారు 81 న్యూటన్లు. దాని గరిమనాభి శరీరపు మధ్యరేఖకు 20 సెంటీమీటర్ల వెనక ఉంటే బలభ్రామకం సుమారు 16 న్యూటన్-మీటర్లు. అదే 12 సెంటీమీటర్లకు తగ్గిస్తే సుమారు 10 మాత్రమే. బరువు ఒక్క గ్రాము కూడా తగ్గలేదు. కాని వెనక్కు లాగే ప్రభావం మూడో వంతుకు పైగా తగ్గింది.

మనిషి, బ్యాగు కలిసిన మొత్తం గరిమనాభి నుంచి గీసిన నిలువు గీత పాదాల మధ్య పడితేనే మనం నిలబడగలం. 55 కిలోల మనిషి ఈ బ్యాగు తగిలించుకుంటే మొదటి సందర్భంలో ఉమ్మడి గరిమనాభి సుమారు 2.6 సెంటీమీటర్లు, రెండో సందర్భంలో 1.6 సెంటీమీటర్లు వెనక్కు జరుగుతుంది. దాన్ని సరిచేయడానికి శరీరం తనంతట తానే ముందుకు వంగుతుంది, మెడ ముందుకు సాగుతుంది. రోజంతా ఇలా ఉంటే నడుము, మెడ కండరాలు అలసిపోతాయి. బ్యాగును ఒకే భుజానికి వేలాడదీస్తే వెన్ను పక్కకు కూడా ఒంగుతుంది.

దీన్నుంచి రెండు సూత్రాలు వస్తాయి. బ్యాగు లోతు తక్కువగా, వీపుకు అంటుకుని ఉండాలి. బరువైన వస్తువులు వీపు వైపున, తేలికైనవి బయటి వైపున ఉండాలి. ల్యాప్‌టాప్ బల్లపరుపుగా, బరువుగా ఉంటుంది కనుక దాని అర వీపును ఆనుకుని ఉండటం మేలు.

ఇక్కడొక చిక్కు ఉంది. కొన్ని బ్యాగులు వీపు వైపునుంచి తెరుచుకుంటాయి. రైల్వే స్టేషన్లో, సంతలో వెనక నిలబడ్డవాడు జిప్పు లాగలేడు కాబట్టి దొంగల భయం తక్కువ. కాని ఇలాంటి చాలా బ్యాగుల్లో ల్యాప్‌టాప్ అర బయటి వైపుకు జరుగుతుంది. అంటే భద్రత కోసం కొంత బలభ్రామకాన్ని భరించాలన్నమాట. రద్దీలో ఎక్కువ తిరిగేవారు మొదటిదాన్ని, ఎక్కువ దూరం నడిచేవారు రెండోదాన్ని ఎంచుకోవచ్చు.

పట్టీల వెడల్పు

పీడనం అంటే వైశాల్యంతో భాగించిన బలం అని మీరు చదువుకున్నారు. ఒక్కో భుజం మీద 4 కిలోల భారం, అంటే సుమారు 39 న్యూటన్లు పడుతుందనుకుందాం. పట్టీ 12 సెంటీమీటర్ల పొడవున భుజాన్ని తాకుతోంది. పట్టీ వెడల్పు 2.5 సెంటీమీటర్లయితే పీడనం చదరపు సెంటీమీటరుకు 1.3 న్యూటన్లు. ఇది సుమారు 98 మిల్లీమీటర్ల పాదరస పీడనానికి సమానం. వెడల్పు 6 సెంటీమీటర్లయితే ఇది 40 మిల్లీమీటర్లకు కాస్త పైన ఉంటుంది. చర్మంలోని కేశనాళికల్లో రక్తపీడనం సుమారు 30 మిల్లీమీటర్లే. సన్నపట్టీ కింద రక్తప్రసారం ఎందుకు అడ్డగింపబడుతుందో ఇప్పుడు తెలిసింది కదా!

మెడ నుంచి చేతికి వెళ్లే నాడులు కూడా భుజం దగ్గర్నుంచే పోతాయి. బరువైన సంచులను గంటల తరబడి మోసే సైనికులలో ఈ నాడులు నలిగి చేయి మొద్దుబారడం, బలహీనపడటం వైద్యులు గమనించారు. దానికి ‘రక్‌సాక్ పాల్సీ’ అని పేరు. కాబట్టి పట్టీలు వెడల్పుగా, గట్టి నురుగు మెత్తతో ఉండాలి. వేలితో నొక్కితే పూర్తిగా అణిగిపోయే మెత్త వల్ల ప్రయోజనం లేదు. 7 కిలోలు దాటే మోతకు తుంటి పట్టీ కూడా ఉంటే మంచిది. అది భారంలో కొంత భాగాన్ని భుజాల నుంచి తప్పించి బలమైన తుంటి ఎముకల మీదికి, అక్కణ్ణుంచి కాళ్లకు చేరుస్తుంది. నడుముకు చుట్టే సన్నని నాడా మాత్రం ఈ పని చేయలేదు, బ్యాగు ఊగకుండా ఆపుతుందంతే.

గుడ్డ సంగతి

బ్యాగు మీది చీటీలో ‘600 డి’, ‘1000 డి’ అని రాసి ఉంటుంది. ఇక్కడ ‘డి’ అంటే డెనియర్. సూరత్ మగ్గాల దగ్గర పెరిగిన పిల్లలకు ఈ మాట కొత్త కాదు. 9,000 మీటర్ల నూలు ఎన్ని గ్రాములు తూగితే అది అన్ని డెనియర్లు. చీరలకు వాడే పాలియెస్టర్ నూలు తరచు 50, 75 డెనియర్లుంటే, బ్యాగు గుడ్డ నూలు 600 డెనియర్లు, అంతకు పైన ఉంటుంది. అయితే డెనియర్ నూలు మందాన్నే చెబుతుంది, నాణ్యతను కాదు. నేత వదులుగా ఉంటే పెద్ద అంకె ఉన్నా లాభం లేదు.

నైలాన్‌ను 1935లో అమెరికాలో డూపాంట్ సంస్థలో పనిచేసిన కరోదర్స్ బృందం తయారుచేసింది. పాలియెస్టర్ నూలును 1941లో ఇంగ్లండులో విన్‌ఫీల్డ్, డిక్సన్ కనుగొన్నారు. సమాన మందం గల గుడ్డల్లో నైలాన్ రాపిడికి ఎక్కువ ఓర్చుకుంటుంది. పాలియెస్టర్ ఎండలోని అతినీలలోహిత కిరణాలకు ఎక్కువ తట్టుకుంటుంది, తేమను చాలా తక్కువగా పీలుస్తుంది, చవక కూడా. మామూలు వాడకానికి బిగుతుగా నేసిన 600 డెనియర్ పాలియెస్టర్ చాలు.

వాన ఎక్కడ దూరుతుంది?

సూరత్‌లో ఏడాదికి సుమారు 1,200 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇంచుమించు అంతా జూన్ నుంచి సెప్టెంబరు లోపే. బ్యాగు గుడ్డ లోపలి వైపున పాలీయురేథేన్ పూత ఉంటుంది. నీరు గుడ్డలోంచి రాకుండా అది ఆపుతుంది. మరి లోపల ఎలా తడుస్తుంది? కుట్లలోని సూది రంధ్రాల నుంచి, జిప్పు పళ్ల సందుల నుంచి! అందుకే ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాటను చూసి మోసపోకూడదు. విడిగా తొడిగే వాన తొడుగు తప్పనిసరి. పైగా వేడి, తేమ కలిసిన చోట కొన్నేళ్లకు ఆ పూత జలవిశ్లేషణ చెంది జిగటగా మారి పొరలుగా రాలిపోతుంది. పాత బ్యాగు లోపల చేయి పెట్టి చూస్తే ఇది తెలిసిపోతుంది.

కిందపడితే?

ఒక మీటరు ఎత్తునుంచి పడిన వస్తువు నేలను తాకేటప్పటికి దాని వేగం సెకనుకు 4.4 మీటర్లు. ఆ వేగం ఎంత దూరంలో సున్నా అవుతుందన్నదే ముఖ్యం. గచ్చు మీద నేరుగా పడి 1 మిల్లీమీటరులో ఆగితే, ఋణత్వరణం సగటున గురుత్వ త్వరణానికి 1,000 రెట్లు. కింద ఉన్న నురుగు 1 సెంటీమీటరు నలిగితే 100 రెట్లే. మెత్త చేసే పనంతా ఆగే దూరాన్ని పెంచడమే. కటకాల అరల అడుగున కనీసం ఇంత నలిగే మందం ఉండాలి. ల్యాప్‌టాప్ అర అడుగు బ్యాగు అడుగును తాకకుండా రెండు మూడు సెంటీమీటర్లు పైన కుట్టి ఉండాలి. లేకపోతే బ్యాగును నేలమీద పెట్టిన ప్రతిసారీ దెబ్బ ల్యాప్‌టాప్ అంచుకే తగులుతుంది. దుకాణాల్లో చాలామంది చూడని అంశం ఇదే.

తేమ, బూజు

సాపేక్ష ఆర్ద్రత చాలాకాలం 65 శాతానికి పైన ఉంటే కటకాల మీద శిలీంధ్రాలు పెరుగుతాయి. సాలెగూడులా పాకే ఆ బూజు గాజు మీది పూతను తినేస్తుంది. చీకటి, తేమ, కదలని గాలి ఉన్న మూసిన బ్యాగు దానికి మంచి ఇల్లు. కాబట్టి బ్యాగు ప్రయాణానికే, నిల్వకు కాదు. ఇంటికి రాగానే పరికరాలను తీసి, గాలి చొరని డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో ఉంచాలి. రంగు మారిన జెల్‌ను సుమారు 110 డిగ్రీల వేడిలో ఆరబెట్టి మళ్లీ వాడుకోవచ్చు.

మరొక సందర్భంలో ఇదే మూసిన బ్యాగు మేలు చేస్తుంది. బయట 32 డిగ్రీల వేడి, 75 శాతం ఆర్ద్రత ఉంటే తుషార బిందువు సుమారు 27 డిగ్రీలు. ఏసీ గదిలో 24 డిగ్రీలకు చల్లబడ్డ కటకాన్ని బయటికి తీస్తే దాని మీద నీటి ఆవిరి కమ్ముకుంటుంది. జిప్పు మూసే ఉంచి అరగంట ఆగితే, కటకం నెమ్మదిగా వేడెక్కి ఈ ఇబ్బంది తప్పుతుంది.

దుకాణంలో చేయవలసిన పరీక్ష

ఖాళీ బ్యాగును భుజాన వేసుకుని అద్దంలో చూసుకుంటే ఏమీ తెలియదు. మీ సామాను వెంట తీసుకువెళ్లండి. ల్యాప్‌టాప్ సైజు అంటే తెర కర్ణపు కొలత మాత్రమే. అందుచేత దాని పొడవు, వెడల్పు, మందం కొలిచి అరలో పెట్టి చూడండి. బరువంతా నింపి పది నిమిషాలు నడవండి, మెట్లు ఎక్కండి. బ్యాగు వీపుకు అతుక్కుని ఉందా, అడుగు తుంటి కిందికి జారుతోందా గమనించండి. నిండిన బ్యాగు జిప్పును ఒంటి చేత్తో మూయండి. పట్టీ కుట్లను గట్టిగా లాగి చూడండి. విమానంలో వెళ్లేవారు ఇంకో లెక్క చూసుకోవాలి. దేశీయ విమానాల్లో చేతి సామాను సాధారణంగా 7 కిలోలకు పరిమితం. విడి లిథియం బ్యాటరీలను మాత్రం ఆ చేతి సామానులోనే ఉంచాలి.

ఇంట్లో ఒక చిన్న ప్రయోగం చేయండి. బరువు తూచే యంత్రం మీద బ్యాగు లేకుండా ఒకసారి, బ్యాగుతో ఒకసారి నిలబడండి. రెండింటి తేడాను మీ బరువుతో భాగించి నూరుతో గుణించండి. వచ్చిన అంకె 10 దాటితే, బ్యాగు తెరిచి ఒక్కో వస్తువునూ బయట పెడుతూ ఈ రోజు ఇది కావాలా అని అడగండి. మీ తమ్ముడి స్కూలు బ్యాగును కూడా ఇలాగే తూచి చూడండి.