వాసనకు మార్కులు

“ఈసారి సావనీరుకు నువ్వొక సైన్సు వ్యాసం ఇవ్వాల్సిందే” అని సంపాదకవర్గంలోని మిత్రుడు పట్టుబట్టాడు. నేను విషయం చెప్పగానే వాడి ముఖం మారింది. “స్కాచి విస్కీ మీదనా? ప్రిన్సిపాల్ గారు కూడా చదువుతారురా!” అన్నాడు. చదవనీ. అందుకే ముందుగా ఒక మనవి. ఈ వ్యాసకర్త ఇంతవరకు విస్కీ చుక్క ఎరగడు. చట్టం కూడా ఒప్పుకోదు, మన రాష్ట్రంలో 21 నిండాలి, నాకు ఇరవై.

అసలు మా ఇంట్లో ఆ మాట ఎత్తకూడదు. మాది చిత్తూరు జిల్లాలో చెరకు, రాగులు పండించే కుటుంబం. మా తాత ఎకరన్నర చెరకు తోటను సారాయికి పోగొట్టాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో మొదలైన సారా వ్యతిరేక ఉద్యమం మా వైపుకు వచ్చినప్పుడు, మా అవ్వ చీపురుకట్ట పట్టుకుని సారాయి అంగడి ముందర కూర్చుందట. అలాంటి ఇంటివాడికి ఈ పిచ్చి ఎక్కడ పట్టిందంటే, మా కెమిస్ట్రీ ల్యాబులో.

ఐసోఅమైల్ ఆల్కహాలు, అసిటిక్ ఆమ్లం కలిపి, కాస్త గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం వేసి వేడి చేశాం. కాసేపటికి ల్యాబంతా మాగిన అరటిగెల వాసన! ఎస్టరు తయారైందన్నమాట. ఆ వారమే లైబ్రరీలో విస్కీ రుచుల గురించిన ఒక పుస్తకం చేతికి దొరికింది. అందులో ఒక్కో సీసా ఎదురుగా “అరటిపండు, తేనె, వెనిలా” అని రాసి వందకు ఇన్ని మార్కులని వేసి ఉంది. ఇంకో సీసాకైతే “పొగ, సముద్రపు నాచు, ఆసుపత్రి” అని రాసి, దానికి ఇంకా ఎక్కువ మార్కులు! ఆసుపత్రి వాసనకు డబ్బు పోసి కొనేవాళ్లున్నారా అని నవ్వుకున్నాను. తర్వాత ఫినాల్ సీసా మూత తీసిన రోజు ఆ మాట గుర్తొచ్చి, ఇందులో ఏదో ఉందే అనిపించింది.

సింగిల్ మాల్ట్ అంటే ఏమిటి? మాల్ట్ అంటే మనవాళ్లకు చెప్పనక్కర్లేదు. రాగులు నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలొచ్చాక ఎండబెట్టి పిండి కొట్టిస్తే రాగి మాల్ట్. మొలక వచ్చేటప్పుడు గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుట్టి పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చటం మొదలుపెడుతుంది. స్కాట్లండు వాళ్లు ఈ పని బార్లీతో చేస్తారు. మొలకను సరైన సమయంలో ఆపాలి, ఆలస్యమైతే ఆ చక్కెరను మొక్కే తినేస్తుంది. అందుకని వేడిగాలిలో ఆరబెడతారు. ఆ మంటలో ‘పీట్’ వేస్తే కథ మారిపోతుంది. పీట్ అంటే చిత్తడి నేలల్లో నాచూ గడ్డీ వేల ఏళ్లు పూర్తిగా కుళ్లకుండా పేరుకుపోయిన నల్లటి మట్టి. ఎండబెడితే పిడకలాగా మండుతుంది. ఆ పొగలోని ఫినాల్, క్రెసాల్, గ్వాయకాల్ గింజకు పట్టుకుంటాయి. ఐలా అనే దీవిలోని లఫ్రోయిగ్, లగావులిన్, ఆర్డ్‌బెగ్ విస్కీల ‘ఆసుపత్రి’ ఇదే. ఆర్డ్‌బెగ్ వాడే మాల్టులో ఈ ఫినాళ్లు పది లక్షల భాగాలకు 50 భాగాల పైచిలుకు ఉంటాయి. అది గింజలో లెక్క సుమా, సీసాలోకి వచ్చేసరికి చాలా భాగం పోతుంది.

మిగతాది త్వరగా చెబుతాను. పిండిని వేడినీళ్లలో కలిపి తీపి నీరు తీసి, ఈస్టు వేసి పులియబెడతారు. అరటిపండు ఎస్టరు పుట్టేది ఇక్కడే. తర్వాత రాగి బట్టీల్లో (లోహం రాగి, మన సంగటి రాగి కాదు) మామూలుగా రెండుసార్లు కాస్తారు. గంధకపు దుర్వాసనలను ఆ రాగి లాగేసుకుంటుంది. రెండోసారి మొదట వచ్చేదీ చివర వచ్చేదీ పక్కకు తీసి నడిమిది మాత్రమే ఉంచుకుంటారు. దాన్ని ఓక్ పీపాల్లో నింపుతారు. కట్టెలోని లిగ్నిన్ నుంచి వెనిలిన్ దిగుతుంది, రంగు దిగుతుంది. ఏడాదికి సుమారు 2 శాతం గాలిలో కలిసిపోతుంది. దానికి వాళ్లు పెట్టిన పేరు ‘దేవదూతల వాటా’. మన దేవతలైతే కల్లుతో సరిపెట్టుకుంటారు. 2009 నాటి అక్కడి చట్టం ప్రకారం ఒకే డిస్టిలరీలో, మొలకెత్తిన బార్లీతో మాత్రమే చేసి, స్కాట్లండులోనే కనీసం 3 ఏళ్లు ఓక్ పీపాలో ఉంచి, 40 శాతానికి తగ్గకుండా సీసాకెత్తితేనే సింగిల్ మాల్ట్ స్కాచి. మన దేశంలో విస్కీ పేరుతో అమ్మేదాంట్లో ఎక్కువ భాగం చెరకు మడ్డి నుంచి తీసిన స్పిరిటుతో చేసినదే. దాన్ని యూరపులో విస్కీ అననివ్వరు. చెరకు రైతు బిడ్డగా నాకిది కొంచెం గుచ్చుకుంది.

ఇక రుచి చూడటం. నిజానికి ఆ పనిలో నాలుకది చిన్న ఉద్యోగం, పెద్ద ఉద్యోగం ముక్కుది. కింద బొద్దుగా, పైన సన్నగా ఉన్న గాజు గ్లాసులో కొద్దిగా పోస్తారు. నోరు కొంచెం తెరిచి, దూరం నుంచి మెల్లగా వాసన చూస్తారు. ముక్కు లోపల పెట్టి పీలిస్తే ఆల్కహాలు మంటకు ఇంకేమీ తెలియదు. తర్వాత కాసిని నీళ్లు కలుపుతారు. నీళ్లు కలిపితే వాసన పలచబడాలి కదా, పెరగటమేమిటి? దీన్ని 2017లో స్వీడన్‌లోని లినేయస్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్‌సన్, ఫ్రీడ్‌మన్ కంప్యూటరు లెక్కలతో పరిశీలించారు. ఆల్కహాలు 59 శాతం దాటితే గ్వాయకాల్ అణువులను ఆల్కహాలు చుట్టుముట్టి లోపలే ఉంచుతుంది. 45 శాతం, అంతకు తక్కువైతే అవి ఆల్కహాలుతోబాటు ద్రవం ఉపరితలానికి చేరతాయి. పైకి వచ్చిందే కదా ముక్కుకు అందేది! ఫిజికల్ కెమిస్ట్రీ పేపర్లో ఇలాంటి ప్రశ్న ఒక్కటి అడిగినా క్లాసంతా లేచి కూర్చునేది.

మార్కుల సంగతే నాకు అసలు విషయం. మైకేల్ జాక్సన్ (పాటలవాడు కాడు, ఇంగ్లండు రచయిత) 1989లో వేసిన పుస్తకంలో మాల్టులకు వందకు మార్కులిచ్చాడు. తర్వాత జిమ్ మర్రీ వాసనకు 25, రుచికి 25, మింగాక మిగిలేదానికి 25, పొందికకు 25 అని పంచాడు. ఆయన 2010 సంచికలో బెంగుళూరు అమృత్ వారి ‘ఫ్యూజన్’ 97 తెచ్చుకుని ప్రపంచంలో మూడోదిగా నిలిచింది. మంచిదే. కానీ ఒక మనిషి ముక్కు 97 అన్నది ఇంకో ముక్కుకు 80 కావచ్చు. పైగా సీసా మీది పేరు, వయసు, ధర కనబడితే ముక్కు మాట ఎవరు వింటారు? ముదురు రంగు చూస్తే పాతదనిపిస్తుంది. ఆ రంగు కోసం మాడిన చక్కెర కలపటానికి చట్టమే ఒప్పుకుంటుంది.

నేను హాస్టల్లో ఒక పరీక్ష పెట్టాను, బెల్లంతో. ఇంటినుంచి రెండు రకాలు తెచ్చాను. ఒకటి హైడ్రోసు వేసి వండిన పసుపు బెల్లం, రెండోది ఏమీ వేయకుండా ఇంటికోసం వండుకున్న నల్లబెల్లం. పదిమంది మిత్రులను కూర్చోబెట్టి మర్రీ పద్ధతిలోనే మార్కులు వేయించాను. కళ్లతో చూసి తిన్నప్పుడు పసుపుదానికి ఏడుగురు ఎక్కువ వేశారు. కళ్లకు తువ్వాళ్లు కట్టి మళ్లీ పెడితే ఎనిమిదిమంది నల్లదానికి వేశారు. పదిమందితో ఏమీ రుజువు కాదని మా లెక్చరరు గారు అన్నారు, ఒప్పుకుంటాను. కానీ మండీలో మా నాయన బెల్లానికి ధర కట్టేవాళ్లు కళ్లు మూసుకోరు. పసుపుగా లేకపోతే మూటకింత తగ్గిస్తారు. హైడ్రోసు మంచిది కాదని నాయనకు తెలుసు. అందుకే అమ్మేదొక పాకం, తినేదొక పాకం. మూడేళ్ల కిందట ఒక ఏడాది హైడ్రోసు మానేసి చూశాడు. ఆ ఏడు నా హాస్టలు ఫీజుకు అప్పు చేయాల్సి వచ్చింది.

సంక్రాంతి సెలవుల్లో ఈ వ్యాసం రాస్తుంటే అవ్వ వచ్చి, “ఏందిరా అంత దీర్ఘంగా రాస్తా ఉండావు?” అంది. దాచలేక చెప్పేశాను. కోప్పడుతుందనుకున్నా. పీట్ పొగ దగ్గర్నుంచి మార్కుల దాకా అంతా విని, “అట్ల మార్కులేసేవాళ్లు దినానికి అన్నేసి రకాలు తాగితే మత్తెక్కదా?” అంది.

“తాగరవ్వా. వాసన చూసి, నోట్లో తిప్పి, ఉమ్మేస్తారు. డిస్టిలరీల్లో పనిచేసేవాళ్లయితే చాలావరకు వాసనే.”

“మీ తాతకు ఎవరూ చెప్పలేదే ఆ సంగతి” అని చేట తీసుకుని రాగులు చెరగటానికి వెళ్లిపోయింది.