పేరు దక్కని జోలపాట

ఇప్పుడు లోకమున నొక వింత సంగీతము వ్యాపించియున్నది. నేలను కదలించునట్టి మంద్రస్వరము, దానిపై వనవాసుల మద్దెలమ్రోత, నడుమ నడుమ ఏ దేశమునుండి వచ్చినదో తెలియని యొక స్త్రీకంఠము. వీని నన్నిటిని విద్యుద్యంత్రములతో కూర్చి, పది పండ్రెండు పాటల నొక సంకలనముగా వెలువరింతురు. దీనిని ట్రైబల్ డబ్ అనియు, నానాదేశ సంగీతచ్ఛాయలుగల ఎలక్ట్రానిక్ సంగీతమనియు పిలుతురు. యువజనులు దీనిని గంటలకొలది విందురు. పెద్దలలో పెక్కురు వట్టి చప్పుడని త్రోసివేయుదురు. మేము రెండు పక్షములను విడిచి, ఓపికతో అట్టి సంకలనమును వింటిమి. ఇది వట్టి చప్పుడు కాదు. దీనికి చరిత్రయు కలదు, నేర్పును కలదు. కాని దీనిని వినువారు తప్పక వేసికొనవలసిన ప్రశ్న యొకటి కలదు: ఈ కంఠ మెవరిది?

ముందు డబ్ అనగా నేమో తెలిసికొందము. దీని పుట్టినిల్లు జమైకా ద్వీపము. 1960వ దశకము చివర, కింగ్‌స్టన్ నగరమున పెద్ద పెద్ద స్పీకర్లను వీథులలో నిలిపి జనులను ఆడించు వాడుక యుండెను. ఆ నగరముననే రేడియోలు మొదలగు విద్యుత్పరికరములను బాగుచేయు నొక పనివాడు కింగ్ టబ్బీ యను పేర ప్రసిద్ధుడయ్యెను. ఆయన యసలు పేరు ఓస్బోర్న్ రడక్. 1941లో పుట్టి 1989లో మరణించెను. ఆయన పాడినవాడు కాడు, వాద్యము వాయించి ప్రసిద్ధుడైనవాడును కాడు. పూర్తియైన పాటను యంత్రముపై నుంచి, గాయకుని కంఠమును తీసివేసి, మంద్రస్వరమును తాళమును మాత్రము నిలిపెడివాడు. ఒక్కొక్క చోట పాటలోని యొక్క మాటను విడిచి, దానికి ప్రతిధ్వని తగిలించెడివాడు. ఆ మాట కొండలలో కేకవలె మరల మరల వినవచ్చి క్రమముగా నణగిపోవును. రికార్డును కలుపు బల్లయే వాద్యమైనది. 1976లో అగస్టస్ పాబ్లోతో కలిసి వెలువరించిన 'కింగ్ టబ్బీస్ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్' ఈ విద్యకు నేటికిని మేలిమి యుదాహరణముగా పరిగణింపబడుచున్నది.

ఈ సంగీతమును వినుటకు చెవికి కొంత యలవాటు కావలెను. మనము సాధారణముగా పాటలో సాహిత్యమును వెదకుదుము. ఇందు సాహిత్యము తొలగింపబడినది. కావున మొదట మంద్రస్వరమును పట్టుకొనవలెను. అది యిల్లు నిలుపు దూలమువంటిది. తరువాత తాళమునందలి విరామములను గమనింపవలెను. ఎచట వాద్యము మ్రోగవలసియుండి మ్రోగదో, అచట మన మనస్సు తానే యా వెలితిని పూరించును. డబ్బునందలి రుచి యంతయు నీ వెలితియందే యున్నది.

ఇక ట్రైబల్ అను విశేషణమునకు కారణము మద్దెలలు. జమైకాలోని రాస్తాఫరీ మతస్థుల ప్రార్థనాగోష్ఠులలో మూడు మద్దెలలు వాయింతురు. పెద్దది గుండెచప్పుడువలె నడక నిలుపును. ఫుండే యనునది లయ తప్పకుండ చూచును. రిపీటర్ అను చిన్నది పైపైన సంచరించును. ఈ సంప్రదాయమున పెరిగిన బాంజో అయాబింగి నోవా, లండనులో ఏడ్రియన్ షెర్వుడ్ అను ధ్వనికారునితో కూడి, ఆఫ్రికన్ హెడ్ చార్జ్ అను బృందము పేర 1981లో తొలి సంపుటమును వెలువరించెను. మద్దెలయు డబ్బును ఇట్లు ఏకమయ్యెను. ఇచట మద్దెల వాయించువాడు స్వయముగా కూర్చున్నాడు. అతని పేరును అట్టపై నున్నది.

కాని యంత్రములు పెరిగినకొలది, వాయించువారును పాడువారును రాకయే వారి ధ్వనిని తెచ్చుకొను వీలు కలిగినది. మా మనస్సును కలచినది ఈ భాగమే.

సాలమన్ దీవులలో మలైతా యను ద్వీపము కలదు. అచటి బాయెగు తెగకు చెందిన అఫునక్వా యను స్త్రీ పాడిన 'రోరోగ్వెలా' యను జోలపాటను, 1970 ప్రాంతమున హ్యూగో జెంప్ అను సంగీతపరిశోధకుడు రికార్డు చేసెను. 1973లో అది యునెస్కోవారి సంగీతమాలలో వెలువడెను. తలిదండ్రులను కోల్పోయిన చిన్నతమ్ముని నొక పెద్దబిడ్డ యోదార్చుట దాని భావము. ఎత్తుకొనువారెవరు, సాకువారెవరు, మన మిద్దరమును దిక్కులేనివారమే యని పలుకుచు, చనిపోయినవారు తమను కాచుచుందురని ధైర్యము చెప్పు పాట యది.

1992లో డీప్ ఫారెస్ట్ అను ఫ్రెంచి జంట యా కంఠమును తీసికొని, తాళమును స్వరమేళమును చేర్చి 'స్వీట్ లలబై' యను పేర వెలువరించెను. సంపుటము లక్షలకొలది యమ్ముడుపోయెను. పాటకు కీర్తి వచ్చెను. అఫునక్వాకు పేరు రాలేదు. సంపుటము మధ్యాఫ్రికా యడవులను తలపించునట్లు కూర్పబడుటచే, వినువారనేకులు ఆ పాట పిగ్మీలదని తలంచిరి. 1996లో నార్వే వాద్యకారుడు యాన్ గార్బరెక్ ఆ బాణీనే 'పిగ్మీ లలబై' యను పేర వాయించెను. పసిఫిక్ సముద్రమునందలి యొక తల్లిపాట ఆఫ్రికాకు దత్తు పోయెను. జెంప్ 1996లో తన యభ్యంతరమును వ్యాసముగా ప్రకటించెను.

సోదరీమణులారా, ఇచట నొక భేదమును గమనింపుడు. జమైకాలో కింగ్ టబ్బీ కంఠమును తీసివేసెను; కాని యా పాట యెవరిదో వీథిలోని ప్రతివానికిని తెలియును. ఇచట కంఠము నిలిచినది, పేరు పోయినది. ధనము వేరొకచోటికి పోవుట యొక యన్యాయము. పాడిన మనిషిని మరచి, ఆమె కంఠమును గాలిశబ్దమువలె, పక్షికూతవలె ఎవరికిని చెందనిదిగా నెంచుట అంతకు మించిన యన్యాయమని మా యభిప్రాయము.

తైవాను దేశమునందలి ఆమిస్ తెగ కర్షకుడు దిఫాంగ్, అతని భార్య ఇగాయ్ అను వారి కథ యిట్టిదే, కాని దాని ముగింపు వేరు. 1988లో వారు ఫ్రాన్సునకు పోయి పాడిరి. ఆ రికార్డునుండి వారి కంఠములను తీసి, ఎనిగ్మా యను బృందము 'రిటర్న్ టు ఇన్నొసెన్స్' అను పాటలో చేర్చెను. 1996లో అట్లాంటా ఒలింపిక్ క్రీడల ప్రచారమునకు నా పాట వినియోగింపబడెను. ఆ దంపతులు 1998లో అమెరికా న్యాయస్థానమున వ్యాజ్యము వేసిరి. 1999లో రాజీ కుదిరి, పరిహారముతోబాటు ఇకమీది ముద్రణములలో వారి పేరులు చేర్చుటకు అంగీకార మయ్యెను. వృద్ధదంపతులు న్యాయస్థానమెక్కినగాని తమ గొంతు తమదని యనిపించుకొనలేకపోయిరి!

సరియైన మార్గము లేకపోలేదు. మార్టిన్ క్రాడిక్, సూ హార్ట్ అను ఆంగ్లదంపతులు 1992లో కామెరూన్ అడవులకు పోయి, బాకా జనులతో కలిసి నివసించి, వారితో పాడి వాయించి, బాకా బియాండ్ అను బృందమును నెలకొల్పిరి. వచ్చిన యాదాయములో బాకావారికిని భాగము పంపుచు వచ్చిరి. బాకా స్త్రీలు నదిలో నడుములోతున నిలిచి, అరచేతులతో నీటినే మద్దెలగా వాయింతురు. దీనిని లిక్విండి యందురు. తామరాకులపై వానచినుకులు పడు ధ్వనిని విని స్వాతిముని పుష్కరవాద్యమును కల్పించెనని భరతుని నాట్యశాస్త్రము చెప్పుచున్నది. నీటిలో తాళమును వినగల చెవి యే యొక్క జాతి సొత్తును కాదు.

మతంగుడు బృహద్దేశియందు దేశిగానమునకు లక్షణము చెప్పుచు, స్త్రీలు, బాలురు, గోపాలురు, రాజులు తమ తమ దేశములయందు అనురాగముతో ఇచ్చవచ్చినట్లు పాడునదే దేశియనెను. స్త్రీలను మొదట నుంచుట గమనింపదగినది. పాటకు దేశము కలదు, పాడువారు కలరు. ఈ రెంటిని తుడిచివేసినచో మిగులునది వట్టి యలంకారమే.

కావున ఇట్టి సంకలనములను వినవద్దని మేము చెప్పము. వినుడు, మంద్రస్వరమునకును మద్దెలకును ఆనందింపుడు. కాని కంఠము వినవచ్చినపుడు పాడినవారి పేరును వెదకుడు. పేరున్నచో గౌరవింపుడు, లేనిచో మూలమైన రికార్డునకై ప్రయత్నింపుడు. తాళమేళములు లేకుండ అఫునక్వా యొక్కతెయే పాడిన జోలను విన్నవారికి, దానికి ఏ యలంకారమును అక్కరలేదని తోచును.

నేడు ప్రతి యింటను సెల్‌ఫోను కలదు. అమ్మమ్మల లాలిపాటలను, నాట్లు వేయువారి పాటలను మన పిల్లలు రికార్డు చేసి లోకమునకు పంపుచున్నారు. అది మంచిపనియే. పంపుటకు ముందు పాడినవారి యనుమతి నడుగుడు. పాట క్రింద పాడిన యామె పేరు, ఊరు, సంవత్సరము తప్పక వ్రాయింపుడు. ఒక్క పంక్తి వ్రాసినంతనే, ఆ పాట యెంత దూరము పోయినను పాడిన యామె పేరును దానితో పోవును.