డబ్ల్యూడీఎం-2 వంకరల వెనక

డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్‌ను పక్కనుంచి చూస్తే దాని కింద రెండు చట్రాలు, ఒక్కో చట్రానికి మూడు జతల చక్రాలు కనిపిస్తాయి. మధ్య జత సరిగ్గా నడుమ ఉండదు, ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఒకవైపు ఎడం సుమారు 1.7 మీటర్లు, రెండో వైపు 2.1 మీటర్లు. ఇది కావాలనే పెట్టిన తేడా. ప్రతి ఇరుసుకూ సొంత కరెంటు మోటారు ఉంటుంది. మోటారు బరువు కొంత ఇరుసు మీద, కొంత చట్రం మీద పడుతుంది. మూడు మోటార్లు, వాటితోపాటు పైనున్న బరువులో ఎక్కువ భాగం మోసే పివట్, అన్నీ ఆ ఇరుకులోనే ఇమడాలి. మధ్య ఇరుసును జరిపితే గాని కుదరలేదు. బరువును కూడా మూడు చోట్లకు పంచారు: పివట్ మీద అరవై శాతం, రెండు పక్క దిమ్మల మీద ఇరవయ్యేసి శాతం.

అమెరికాలోని షెనెక్టడీలో ఆల్కో కంపెనీ తయారుచేసిన ఈ ఇంజిన్లు 1962లో మన దేశానికి వచ్చాయి. 1964 జనవరిలో వారణాసి కర్మాగారం తన మొదటి ఇంజిన్‌ను బయటికి తెచ్చింది. 1969లో ఆల్కో రైలింజిన్ల తయారీనే మానుకుంది. వారణాసి మాత్రం తొంభైల చివరిదాకా చేస్తూనే ఉంది. మొత్తం రెండున్నర వేలకు పైగానే తయారయ్యాయి. పదహారు సిలిండర్లు, 2600 హార్స్‌పవర్, 113 టన్నుల బరువు. గుత్తి, కాజీపేట షెడ్ల వాళ్లకు ఇందులో ప్రతి బోల్టూ తెలుసు.

నాకు అన్నిటికంటే నచ్చేది ఎక్స్‌ప్రెసర్. ఆ రోజుల్లో మన రైళ్లవి వాక్యూం బ్రేకులు. ఇంజిన్ నుంచి గార్డు పెట్టె దాకా సాగే గొట్టంలోంచి గాలిని తోడేస్తే బ్రేకులు వదులుతాయి, గాలిని లోపలికి వదిలితే పట్టుకుంటాయి. ఇంజిన్ సొంత బ్రేకులకేమో ఒత్తిడి పెట్టిన గాలి కావాలి. అంటే ఒకచోట గాలిని తోడాలి, ఇంకోచోట కుక్కాలి. రెండు వేర్వేరు యంత్రాలు పెట్టడానికి చోటు లేదు. అందుకని ఒకే యంత్రంలో కొన్ని సిలిండర్లకు తోడే పని, మిగతావాటికి కుక్కే పని అప్పగించి, అన్నిటినీ డీజిల్ ఇంజిన్‌తోనే తిప్పించారు. ఇంత పొదుపైన ఆలోచన ఈ బండిలో మరొకటి లేదని నా నమ్మకం.

రేడియేటర్ ఫ్యాన్ సంగతీ తక్కువది కాదు. అది ఇంజిన్ బలంతోనే తిరుగుతుంది, కానీ ఇంజిన్‌కూ ఫ్యాన్‌కూ నడుమ ఇనుము ఇనుమును తాకదు. మధ్యలో ఎడ్డీ కరెంట్ క్లచ్ ఉంటుంది. కాయిల్‌లోకి కరెంటు పంపితే అయస్కాంత బలం పుట్టి, ఒక భాగం తిరుగుతుంటే రెండోదాన్నీ వెంట లాక్కుపోతుంది. నీళ్లు వేడెక్కితే కరెంటు అందుతుంది, చల్లబడితే ఆగిపోతుంది. రాసుకునేది లేదు గనక అరుగుదలా తక్కువే.

ఇంజిన్ స్టార్ట్ చేయడానికి విడిగా మోటారు లేదు. కరెంటు పుట్టించాల్సిన పెద్ద జనరేటర్‌కే ఎనిమిది బ్యాటరీల కరెంటు ఎక్కిస్తే, అదే మోటారై క్రాంక్‌ను తిప్పేది. పని అయ్యాక మళ్లీ జనరేటరే.

ఇక ఆ నల్లటి పొగ. డ్రైవర్ ఇంజిన్ బలాన్ని ఒక మెట్టు (నాచ్) పెంచగానే డీజిల్ వెంటనే ఎక్కువగా వెళ్తుంది. గాలిని తోసే టర్బో మాత్రం వేగం పుంజుకోవడానికి కొన్ని క్షణాలు తీసుకుంటుంది. పొయ్యిలో కట్టెలు ఎక్కువై గాలి చాలకపోతే ఏమవుతుందో ఇక్కడా అదే. టర్బో అందుకోగానే పొగ పలచబడుతుంది.

క్యాబిన్ ఒక్కటే, అందులో నడిపే బల్లలు రెండు, ఒక్కో దిక్కుకు ఒక్కోటి. పొడవాటి ముక్కు ముందుగా నడిచేటప్పుడు ఎడమ పక్క కూర్చున్న డ్రైవర్‌కు కుడివైపు దారి చాలావరకు కనబడదు. ఆ పక్క సిగ్నళ్లను అసిస్టెంటే చూసి గట్టిగా చెప్పాలి. ఈ ఇబ్బంది కొంతైనా తగ్గాలని కొన్ని పదుల ఇంజిన్లకు పొట్టి ముక్కు వైపు వెడల్పాటి, పెద్ద కిటికీలు పెట్టారు. వాటినే 'జంబో'లు అన్నారు. పొడవాటి ముక్కు అడ్డు మాత్రం వాటికీ తప్పలేదు. ఈ బండి రూపంలో నాకు లోపంగా తోచేది ఇదొక్కటే.

ఇప్పుడు బ్రాడ్‌గేజ్ దారులు దాదాపు అన్నీ కరెంటువయ్యాయి. ఈ ఇంజిన్లలో చాలావరకు తుక్కుకు పోయాయి. మ్యూజియంలో రంగు వేసి నిలబెట్టిన ఇంజిన్‌లో ఎక్స్‌ప్రెసర్ చప్పుడు వినపడదు, ఫ్యాన్ తిరగదు. మన షెడ్లలో ఒక్కటంటే ఒక్కటైనా స్టార్టయ్యే స్థితిలో ఉంచాలని రైల్వేను అడుగుదాం. వీటిని విప్పి బిగించిన పాత మెకానిక్‌లు మీ ఇంట్లోనో వీధిలోనో ఉంటే, వాళ్ల దగ్గర కూర్చుని చెప్పించుకుని రాసిపెట్టండి.