బండికి పాతాయన చేసిన వైద్యం

పోయిన ఎపిసోడ్‌లో సెకండ్‌హ్యాండ్ బండి కొనేటప్పుడు ముల్కియా, ఇన్సూరెన్స్, పాత ఫైన్లు ఎట్ల చూసుకోవాలో మాట్లాడుకున్నాం. అది విన్నాక చాలామంది అడిగింది ఒకటే: "అన్నా, కాయితాలన్నీ కరెక్టే ఉన్నయి, మరి బండి నెల తిరగకముందే ఎందుకు మూలకు పడ్డది?" కాయితాల మీద పాత ఓనర్ పేరే ఉంటుంది, ఆయన చేసిన రిపేర్లు ఉండవు గదా!

నేను కోరుట్లలో ఒక షెడ్డులో పని నేర్చుకుని, ఇప్పుడు షార్జా సనయ్యాలో బైక్ గ్యారేజీలో చేస్తున్నా. వచ్చేవి ఎక్కువ డెలివరీ బండ్లే. విప్పగానే ముందు కనపడేది రోగం కాదు, పాతాయన చేసిన వైద్యం. దాన్ని పీకి పడేస్తే గానీ అసలు రోగం దొరకదు. పాతాయన అంటే మీకు బండి అమ్మినాయన, ఆయనకు అమ్మినాయన, ఆ పైన ఇంకొకాయన. అందరూ కలిసి నాకు ఒక్క మనిషే.

ఆయన కష్టం నాకు తెలుసు. ఆయనా ఆర్డర్ల మీద బతికినోడే. బండి గ్యారేజీలో ఉన్న రోజు పైసలు రావు. వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి పోయేముందు "ఈ ఒక్క వారం నడిస్తే చాలు" అని కట్టిన తీగ, ఆ తర్వాత మీ చేతికొస్తుంది. అంతవరకు ఓకే. కానీ సైలెన్సర్ బొక్కకు టూనా డబ్బా రేకు చుట్టి క్లిప్పు బిగించిన మహానుభావుణ్ని మాత్రం క్షమించడం నా వల్ల కాదు.

ముందు కరెంటు సంగతి. ఫ్యూజ్ డబ్బా తెరిస్తే ఫ్యూజ్ ఉండాల్సిన చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం మడిచి ఉంటుంది. ఫ్యూజ్ ఉన్నదే తను కాలిపోయి వైరింగ్‌ను కాపాడటానికి. 10 ఆంప్స్ ఫ్యూజ్ మాటిమాటికి పోతోందంటే తప్పు ఫ్యూజ్‌ది కాదు. "ఫోన్ ఛార్జర్ పెట్టినందుకే పోతుంది భాయ్" అంటారు. ఛార్జర్ తీసుకునేది సుమారు ఒక ఆంప్, దానికి పోదు. హ్యాండిల్ తిప్పినప్పుడల్లా మెడ దగ్గర వైర్ల కట్ట ఫ్రేమ్‌కు రాసుకుని, పైతోలు అరిగి, రాగి బయటపడి ఇనుముకు తగులుతుంటుంది. అక్కడ చూడాలి. కాగితం పెడితే కాలేది కాగితం కాదు, ట్యాంకు కిందున్న వైర్లు. ఇంకో మాట. రెండు వైర్లు మెలేసి నల్ల టేపు చుడితే, ఇక్కడి ఎండకు ఆ టేపు జిగురు కారి జూలై దాకా కూడా ఆగదు.

ఇంజిన్ కిందికి వంగి ఆయిల్ తీసే బోల్టు చూడండి. దాని చుట్టూ ఎం-సీల్ ముద్దగానీ, తెల్ల టేపు అంచుగానీ కనపడితే మర అరిగిపోయినట్టే. బోల్టు ఇనుము, ఇంజిన్ కేసు అల్యూమినియం. పాతాయన పైపు తగిలించి, బలమంతా పెట్టి బిగించాడు, అల్యూమినియం మర ఊడి వచ్చింది. చిన్న హోండా బండ్లకు ఆ బోల్టు 25, 30 న్యూటన్ మీటర్లు బిగిస్తే చాలు, అంటే చిన్న రెంచీతో మణికట్టు బలం. ఆయిల్ కారకుండా ఆపేది బలం కాదు, దాని కింద ఉండే మెత్తని వాషర్. ఆ వాషర్ ప్రతిసారీ మార్చాలి. దాని ఖర్చు కరక్ చాయ్ అంత. మర పోయినచోట కొత్త మర వేయించొచ్చు, పెద్ద పనేం కాదు. ఎం-సీల్ పెడితే మాత్రం అది ఎప్పుడు ఊడుతుందో తెలియదు. ఆయిల్ కారేది వెనక టైరు ముందే.

చైన్ సాగిందని ఒక జత లింకులు కోసి పొట్టి చేస్తారు. సాగిన చైన్‌లో ప్రతి కీలూ అరిగి ఉంటుంది, పొట్టి చేసినంత మాత్రాన కొత్తది అవుతదా? వెనక స్ప్రాకెట్ చివర చైన్‌ను వేలితో పట్టి బయటికి లాగండి. పల్లు సగం కనపడిందంటే చైన్, రెండు స్ప్రాకెట్లు కలిపి మార్చాల్సిందే. చైన్ లాక్ క్లిప్ కూడా చూడండి. అది చేప లాంటిది: మూసుకున్న గుండ్రటి వైపు తల, తెరుచుకున్న వైపు తోక. చైన్ ఎటు పోతుందో చేప తల అటే ఉండాలి. పై వరసలో అయితే ముందు చక్రం వైపు. పాతాయన చేప ఎప్పుడూ ఎదురీదుతూనే ఉంటుంది!

ఎయిర్ ఫిల్టర్ గురించి ఎక్కువ చెప్పను. యూనికార్న్ లాంటి బండ్లలో ఉండేది నూనె పట్టించిన పేపర్ ఫిల్టర్. దాన్ని కడగొద్దు, గాలి కొట్టొద్దు, మార్చడమే. దాన్ని తీసేసి గిన్నెలు తోమే స్పాంజీ పెట్టిన బండి వచ్చింది నా దగ్గరికి. ఇసుక గాలి లోపలికి పోయి పిస్టన్ రింగులు అరిగినయి, నీలం పొగ. స్పాంజీ రెండు దిర్హాములు, ఇంజిన్ పని ఒక నెల ఇంటికి పంపే పైసలు.

ఇప్పటిదాకా చెప్పినవాటితో పైసలు పోతయి. బ్రేకుల దగ్గర ప్రాణం సంగతి. హ్యాండిల్ మీదున్న బ్రేక్ ఆయిల్ డబ్బా చూడండి. ఆయిల్ లేత పసుపులో ఉండాలి, చాయ్ రంగులో ఉంటే పాతది. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. కొత్త డాట్ 4 కనీసం 230 డిగ్రీల దాకా మరగదు, తేమ పట్టాక ఆ హద్దు 155కు పడిపోవచ్చు. గట్టిగా వాడినప్పుడు మరిగి లోపల ఆవిరి తయారైతే లివర్ మెత్తగా హ్యాండిల్ దాకా వస్తుంది, బండి ఆగదు. కొందరు ఇందులో ఇంజిన్ ఆయిలే పోస్తారు. రబ్బరు సీళ్లు ఉబ్బి, పట్టిన బ్రేకు వదలదు.

వెనక డ్రమ్ బ్రేకు ఉన్న బండి అయితే ఇంకొకటి చూడాలి. బ్రేక్ ప్లేటును స్వింగ్‌ఆర్మ్‌కు పట్టి ఉంచే ఒక ఇనుప పట్టీ ఉంటుంది. దాని నట్టు ఊడకుండా చిన్న పిన్ను. టైరు పంచర్ వేసిన ప్రతిసారీ ఆ పట్టీ విప్పుతారు, పిన్ను కింద పడుతుంది, దొరకదు. దాని బదులు పాతాయన బైండింగ్ వైరు చుడతాడు, లేదా అదీ ఉండదు. నట్టు ఊడితే, బ్రేకు తొక్కగానే ప్లేటు చక్రంతో పాటు తిరిగి, రాడ్‌ను లాక్కుని, చక్రాన్ని పట్టేయొచ్చు. ఎమిరేట్స్ రోడ్డు మీద వెనక లారీ ఉన్నప్పుడు గట్లయితే ఎట్లుంటదో నేను చెప్పాల్సిన పని లేదు. ఆ పిన్ను నేను ఊరికే వేస్తా, ఎవర్నీ పైసలడగను.

కొనడానికి పోయేటప్పుడు "నేను వచ్చేదాకా స్టార్ట్ చేయకు భాయ్" అని ముందే చెప్పండి. పోగానే ఇంజిన్ మీద చేయి పెట్టండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశాడో అడగండి, చల్లగా ఉన్నప్పుడు స్టార్టింగ్ కష్టమేమో, లేదా పొగ వస్తుందేమో. స్క్రూల తలలు చూడండి, అవి అబద్ధం చెప్పవు. నలిగిన తల ఉన్నచోట చేయి తిరగనోడు పని చేశాడన్నట్టు. బ్రేక్ డబ్బా మూత స్క్రూలు నలిగితే నేనైతే ధర మాట్లాడటం ఆపేస్తా.

మీ బండి ఫోటోలు, వాయిస్ మెసేజ్‌లు ఎప్పటిలాగే పంపండి, వచ్చే ఎపిసోడ్‌లో చూద్దాం. ఒక్కటే రిక్వెస్ట్: ఫోటో తీసేముందు బండి కడగొద్దు. తళతళ మెరిసే ఇంజిన్ ఫోటో పంపి "అన్నా, ఆయిల్ ఎక్కడ్నుంచి కారుతుంది?" అంటే నాకెట్ల తెలుస్తది!